పడవకు నీళ్ళు తాపిన ఎనిమిది రోజులు

నేను ఓడలు కట్టిన మనిషిని. మద్రాసు హార్బరులో నా చేతి మీదుగా మూడు ఓడలు నీళ్ళలోకి దిగాయి. నలభై ఏళ్ళుగా తిరుపతిలో మా షెడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఈ మాట చెబుతూనే ఉన్నాను, ఒక్కరు కూడా కాదనలేదు. కాదనలేదంటే, ఎవరూ చెవిన పెట్టలేదు. అది వేరే సంగతి.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం తగ్గించుకోవాలి. మూడు ఓడలు కాదు, ఒకటి. ఓడ కాదు, పడవ. కట్టలేదు, బాగు చేశాను. అదీ మద్రాసులో కాదు, మొన్నీమధ్య తడకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున. హార్బరు మాట మాత్రం పూర్తిగా కల్పన కాదు. పంతొమ్మిదేళ్ళ వయసులో హార్బరు గోడకు ఇవతల ఒక గోడౌనులో పదకొండు రోజులు చెక్కపెట్టెలు కొట్టాను. గోడకు అవతల ఓడలు ఉండేవి. వాటి కూత వినిపించేది.

నా అసలు పని లారీలకు చెక్క బాడీలు కట్టడం. ఇప్పుడు ఇనుప బాడీలు ఫ్యాక్టరీ నుంచే తయారై వస్తున్నాయి, మా షెడ్డులో సాలెపురుగులు కాపురం పెట్టాయి. ఒకప్పుడు మాత్రం చిత్తూరు బెల్లం, మదనపల్లి టమోటా, దామలచెరువు మామిడి, అన్నీ నేను బిగించిన చెక్కల మీదే దేశం తిరిగాయి. నా లారీలో ఆవాలు పోసి బెంగుళూరు దాకా తోలినా ఒక్క గింజ రోడ్డు మీద రాలదని పేరు. ఆ పేరు పెట్టుకున్నది నేనే అయినా మాట నిజం. మా ఎండలకు చెక్క ఎండిపోయి కుంచించుకుపోతుంది, పలకల మధ్య సందులు పడతాయి. అందుకని మా షెడ్డులో పాఠం ఒక్కటే: సందు కనిపిస్తే మూసెయ్. సన్నగా టేకు పేడు చెక్కి, సందులో పెట్టి, సుత్తితో దిగ్గొట్టి, మీద గట్టిగా లప్పం పట్టించెయ్. ఈ పాఠాన్ని కాస్త గుర్తుంచుకోండి. నా బండి బోల్తా పడింది దీని మీదే.

మా చిన్నమ్మాయి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రానికి వస్తుంది. ఒక రోజు వచ్చీ రాగానే, చెప్పులు కూడా విడవకుండా అడిగింది.

"అబ్బా, నువ్వు ఓడలు కట్టినావు కదా?"

వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్న మా ఇంటామె కత్తి ఆగింది.

"కట్టినాను," అన్నాను. చిన్నప్పుడు ఆ పిల్లను నిద్రపుచ్చింది ఆ ఓడలతోనే. ఇప్పుడు ముంచడానికి మనసొప్పలేదు.

"అయితే ఆదివారం నాతో రా. మా లైన్లో నా పక్కన ఒక అక్క ఉండాది. వాళ్ళ నాయనది తెరచాప పడవ, మూడేండ్లుగా ఒడ్డున ఎండతా ఉండాదంట. మా అబ్బా బాగు సేస్తాడని మాటిచ్చేసినాను."

"పోండి, పోండి," అంది మా ఇంటామె లోపలినుంచి. "నలభై ఏండ్లుగా వింటా ఉండాను. ఒక్క ఓడన్నా కళ్ళారా సూస్తాను."

ఆ ఆదివారం సత్యవేడు మీదుగా తడకు, అక్కడినుంచి ఆటోలో సరస్సు ఒడ్డు పల్లెకు పోయాం. మా పిల్ల అక్క అన్న ఆ ఇంటి అమ్మాయికి ముప్పై అయిదేళ్ళుంటాయి. సెలవు రోజు కూడా కంపెనీ టోపీ పెట్టుకుని ఎండలో చేపలు ఆరబెడుతోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని, నేరుగా పడవ దగ్గరికి తీసుకుపోయింది. నడుస్తూనే తన కష్టం చెప్పింది.

ఆ పల్లెకు ఒక కట్టుబాటు ఉంది. సరస్సులో చేప దొరికే తావులు కొన్నే. అందుకని ఏటా వానలు పడి నీళ్ళు నిండాక, మొదటి పున్నమి నాటి పొద్దున చీటీలు తీసి వంతులు వేస్తారు. ఏ ఇల్లు ఏ తావులో ఏ రోజు వల వేయాలో ఆ చీటీతో తేలిపోతుంది. చీటీలో పేరు ఉండాలంటే ఆ ఇంటికి నీళ్ళ మీద పడవ ఉండాలి. మూలన పడ్డ పడవైతే, అందరి ముందూ నీళ్ళలోని గుంజ దాకా పోయి, దాన్ని చుట్టి, మునగకుండా తిరిగి రావాలి. వరసగా మూడేళ్ళు ఆ పున్నమి పడవ లేకుండా దాటిపోతే ఆ ఇంటి వంతు ఊరిలో కలిసిపోతుంది. మళ్ళీ రాదు.

"నాయన కాలు విరిగి రెండు పున్నములు పోయినాయి మామా," అంది. "ఇది మూడోది. కాంట్రాక్టు ఉద్యోగం, ఈ రోజు రమ్మంటారు, రేపు వద్దంటారు. మా తాత నాటి వంతు నా చేతిలో పోకూడదు."

"మరి పడవ బాగైతే నడిపేది ఎవరమ్మా?"

"నేనే. నాకు అన్నా తమ్ముడూ ఎవురూ లేరు. నాయన నాకే నేర్పినాడు. కట్టుబాటులో పడవ ఉండాలంటారే గాని, ఎవురు నడపాలో యాడా లేదు."

పడవ తాటాకు పందిరి కింద బోర్లా పడి ఉంది. ఇరవై అడుగుల పైన పొడుగు. దాని వీపు మీద రెండు మేకలు నిలబడి మమ్మల్ని పరీక్షగా చూశాయి. పందిరి గుంజకు ఆనుకుని ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఆ అమ్మాయి నాయన, పెట్టె మీద చాపిన కాలు, చేతిలో కర్ర. ముసలాయన. నాకంటే రెండేళ్ళు చిన్న అని తర్వాత తెలిసింది, అయినా ముసలాయన అనే అంటాను.

"యాడ కట్టినావు భాయ్ ఓడలు?" అన్నాడు.

"మద్రాసు హార్బరులో."

"హార్బరులో ఏ పక్క?"

ఎందుకో నోట్లోంచి నిజం జారిపోయింది. "గోడ పక్క."

ఆయన కాసేపు నా చేతుల వైపు చూసి, "మంచి గోడ," అన్నాడు.

పడవ చుట్టూ తిరిగి చూశాను. నాలుగు పలకలు పుచ్చిపోయాయి. లోపల పక్కటెముకల్లా వంగిన కొయ్యలు మాత్రం ఇనుములా ఉన్నాయి. మిగిలిన పలకల మధ్య సందులు. మూడేళ్ళ ఎండకు ఒక్కో సందు ఎంత విచ్చుకుందంటే, చిటికెన వేలు పెడితే పడవ కింద దూరిన మేకపిల్ల ఒకటి నాకింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఇన్ని సందులు ఒక్కచోట చూసి ఎన్నాళ్ళయింది!

"అన్నీ మూసేస్తాను," అన్నాను.

"పుచ్చిన పలకలు మార్సు భాయ్. ఆ సందుల్లో మెత్తగా పీచు, దూది పెట్టు సాలు. మిగతా సంగతి నీళ్ళు సూసుకుంటాయి," అన్నాడు ముసలాయన.

నీళ్ళు సందులు మూస్తాయట. వయసు మీద పడితే మనిషి ఇట్లాగే అవుతాడని మనసులో జాలిపడ్డాను.

రెండున్నర నెలలు పనిచేశాను. వారానికి ఆరు రోజులు పల్లెలోనే. సరే, మూడు రోజులు. షెడ్డులో మిగిలిన వేపపలకలు తెచ్చి పుచ్చిన నాలుగూ మార్చాను. ఆ పని బాగానే వచ్చింది, ముసలాయన కర్రతో తట్టి చూసి మారు మాట్లాడలేదు. తర్వాత సందుల మీద పడ్డాను. ఒక్కో సందుకు కొలిచి టేకు పేడు చెక్కి, జిగురు పూసి, సుత్తితో ఊపిరాడకుండా దిగ్గొట్టాను. కుర్చీలోంచి ముసలాయన రెండు మూడుసార్లు "భాయ్, అంత బిగువు వద్దు" అన్నాడు. ఒకసారి కొబ్బరి పీచు మోపు కూడా నా కాళ్ళ దగ్గర పెట్టించాడు. దాన్ని కూర్చోవడానికి వాడుకున్నాను.

ఎందుకు వద్దని అడిగి ఉండాల్సింది. ఎట్లా అడుగుతాను? మూడు ఓడలు కట్టినవాడు సందులో ఏం పెట్టాలని ఒకరిని అడుగుతాడా? ఒక్కోసారి సుత్తి ఆపి నోరు తెరిచేవాణ్ణి కూడా. అప్పుడే ఆ అమ్మాయి షిఫ్టు నుంచి వచ్చి "ఓడల మామా, టీ తాగుతావా?" అనేది. నోరు మూసుకుని టీ తాగేవాణ్ణి.

తెరచాప విషయంలో మాత్రం నేను ఏమీ పెంచి చెప్పనక్కర్లేదు. పాత తెరచాపను ఎలుకలు తినేశాయి. మొదట లారీ టార్పాలిన్ తెచ్చాను. ముసలాయన దాన్ని చూసి, "ఇది గాలికి లేసేది కాదు భాయ్, గాలినే పడుకోబెడతాది," అన్నాడు. దాంతో నగరి పోయి, ఎరిగిన మగ్గం ఇంట్లో దళసరి నూలు గుడ్డ నేయించుకుని వచ్చాను. గుడ్డ నీళ్ళకు మురగకుండా ఉండాలంటే తంగేడు చెక్క కషాయంలో నానబెట్టాలన్నాడు. తంగేడుకు మాకు కరువా! చంద్రగిరి గుట్టల దగ్గర రెండు గోతాలు కొట్టించి బస్సు మీద వేసుకొచ్చాను. డ్రమ్ములో ఉడికించి గుడ్డ ముంచితే ఇటుక రంగు తేలింది. ముసలాయన ఆ గుడ్డను వాసన చూసి, మొదటిసారి నా వైపు నవ్వు ముఖం పెట్టాడు.

"మీ ఎండుగడ్డలో పుట్టినవాటిల్లో నీళ్ళకు పనికొచ్చేది ఇదొక్కటే భాయ్."

నన్ను కూడా కలిపే అన్నాడని అప్పుడు అర్థం కాలేదు.

వానలు పడ్డాయి. సరస్సు నిండింది. పున్నమికి ఇంకా రెండు వారాలుండగా పదిమంది పట్టి పడవను నీళ్ళలోకి తోశారు. ఆ అమ్మాయి పడవ ముక్కుకు పసుపు పూసి కొబ్బరికాయ కొట్టింది. నేను బిస్మిల్లా అన్నాను. పడవ తేలింది. నేను లోపలికెక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో అడుగంతా తడిమాను. పొడి. ఎక్కడా చెమ్మ లేదు.

"ఒక్క సుక్క రాలేదు!" అని ఒడ్డుకు వినబడేట్టు అరిచాను. "సూసుకోండి! ఒక్క సుక్క!"

అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి ఫోటోలు తీసింది. ముసలాయన మాత్రం కుర్చీలో కొంచెం ముందుకు వంగాడు.

"సుక్క కూడా రాలేదా?"

"రాలేదు."

"అయితే బాగలేదు," అన్నాడు.

కడుపుమంట అనుకున్నాను. మర్నాడు టీ కొట్టు దగ్గర ఆ ఫోటోలు చూపించి పొద్దంతా ఓడ నడిపాను. నలభై ఏళ్ళలో మొదటిసారి నా మాటకు సాక్ష్యం దొరికింది, ఊరికే వదులుతానా? సాయంత్రానికి పడవ పొడుగు అరవై అడుగులయింది.

మూడో రోజు పొద్దున ఆ అమ్మాయి ఫోను చేసింది. "మామా, ఒకసారి రా," అని మాత్రం అంది. గొంతులో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే నన్ను బస్సెక్కించింది.

పడవ, కట్టేసిన చోటే, నీళ్ళ అడుగున కూర్చుండిపోయింది. అంచుల దాకా నీళ్ళు. ఎడమ పక్కన రెండు పలకలు మధ్యలో ఉబ్బి, కొయ్యల నుంచి మేకులతో సహా ఊడి బయటికి వచ్చాయి. నేను దిగ్గొట్టిన టేకు పేడు ఒకటి పక్కన తేలుతోంది. దాని మీద నా సుత్తి గుర్తు కూడా చెక్కుచెదరలేదు.

చూడగానే అర్థమైంది. ఎండిన చెక్క నీళ్ళు తాగితే ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు కావాలి. ఆ చోటే సందు. నేను ఆ చోటంతా టేకుతో నింపేశాను. లోపల పలకలు ఒకదాన్నొకటి తోసుకుని, దారి లేక, బయటికి దూకాయి. మా వైపు చెక్కకు ఎండడం ఒక్కటే తెలుసు. ఉబ్బే చెక్కను నేను జన్మలో చూడలేదు.

ఇది నాకు అర్థమైందని చెప్పాను గదా. ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. ఊరి పెద్దలు నలుగురు వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన "ఏమైంది భాయ్?" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, "చెక్క పాతది," అన్నాను. "ఎముక పోయింది. ఎంత చేసినా నిలవదు."

ముసలాయన పడవ. ఆయన నాయన కట్టించిన చెక్క. ఇనుములాంటి చెక్క.

"ఓడలు కట్టిన మనిసే ఆ మాటంటే ఇంగేముండాది," అన్నాడు పెద్దాయన. "విప్పి పొయ్యి కిందకు పెట్టుకోండమ్మా. పున్నమికి ఇంగ ఆశ వద్దు."

ఆ అమ్మాయి పెద్దల వైపు చూడలేదు. నా వైపు చూసింది. "నిజమా మామా?" అంది. నేను తల ఊపాను. నోటితో చెప్పిన అబద్ధాలు నావి లెక్కలేనన్ని ఉన్నాయి. తలతో చెప్పింది అదొక్కటే.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. మా ఇంటామె ఎదురుగా కూర్చుంది.

"ఏమైంది?"

"పడవ పాతది."

"పడవ సంగతి కాదు. నీ మొగం సంగతి సెప్పు."

చెప్పేశాను. పేళ్ళు, పీచు, పెద్దలు, తల ఊపడం, అన్నీ. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నువ్వు నాకు సెప్పిన కోతలు నేను నలభై ఏండ్లు తిన్నా. అరిగినాయి. ఆ పిల్ల వంతు పోతే అది నాకు అరగదు," అని నా ముందునుంచి పళ్ళెం తీసేసింది. అందులో ఇంకా సగం కోడికూర ఉంది.

పొద్దున మొదటి బస్సుకే పోయాను. చేపలు వేలం వేసే పాక దగ్గర ఊరంతా ఉంటుందని తెలుసు, ఉద్దేశపూర్వకంగానే అక్కడికి పోయాను. ధైర్యంతో కాదు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పాలంటే మధ్యలో మళ్ళీ పెంచేస్తానేమోనని భయం. ఆ అమ్మాయి షిఫ్టుకు పోవడానికి టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. ముసలాయన కుర్చీ కూడా అక్కడే ఉంది.

"నేను ఓడలు కట్టలేదు," అన్నాను. "లారీలు కట్టినాను. హార్బరు బయట పెట్టెలు కొట్టినాను. ఆ చెక్క మంచిది. తప్పు నాది. సందులు బిగించి పలకలు నేనే పగలగొట్టినాను. ఆయన వద్దన్నాడు, నేను వినలేదు."

ఒక గంప లోపల చేప టపటపా కొట్టుకుంది. తర్వాత వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు పాకంతా పాకింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. టీ కొట్టు దగ్గర నలభై ఏళ్ళలో నా మాటకు అంత నవ్వు రాలేదు.

నవ్వనిది ఆ అమ్మాయి ఒక్కతే. "నిన్న సెప్పి ఉంటే ఒక దినం మిగిలేది మామా," అంది. టోపీ తీసి సంచిలో పెట్టుకుంది. "ఇంగ పదకొండు దినాలు ఉండాయి. నేను సెలవు సెప్తా. నాయనా, సాలతాయా?"

ముసలాయన కర్రతో నేల మీద గీతలు గీసి లెక్కపెట్టాడు. "మూడు దినాలు పని. ఎనిమిది దినాలు తాపడం. సాలతాది, పొద్దు వృథా సేయకపోతే."

ఊరి పెద్దాయనను చూశాను. "పున్నమికి గుంజ సుట్టి వస్తే వంతు ఉండాది. కట్టుబాటు అంతే," అన్నాడు.

ముసలాయనను కుర్చీతో సహా మోసుకుంటూ పడవ దగ్గరికి పోతుంటే అడిగాను, "అన్నా, నీకు ముందే తెలుసా?"

"మొదటి దినమే తెలుసు. బాడిసె పట్టుకున్న పద్ధతే లారీది."

"మరి ఎందుకు రానిచ్చినావు?"

"పడవ తెలిసినోళ్ళు అందరూ ఫైబరు పడవలకు పోయినారు భాయ్. పిలిస్తే రాలేదు. తెలియనోడివి నువ్వొక్కడివే వచ్చినావు." కర్రను ఒళ్ళో పెట్టుకున్నాడు. "సందుల గురించి గట్టిగా సెప్పాల్సింది. నేను సెప్తే వినే మనిసివి కాదు, నీళ్ళు సెప్తే వింటావులే అనుకున్నా. అవి మరీ గట్టిగా సెప్పేసినాయి."

మూడు రోజులు. నేను దిగ్గొట్టిన పేళ్ళన్నీ నేనే ఉలి పెట్టి పెరికాను. రెండున్నర నెలల పని ఒక గంపలోకి పట్టింది. ఊడిన పలకలను పల్లెవాళ్ళు నలుగురు పట్టి వెనక్కి వంచితే మేకులు కొట్టాను. ఆ తర్వాత ముసలాయన నాకు బడి పెట్టాడు. కొబ్బరి పీచును దూదితో కలిపి తాడులా పేనడం, సందులోకి మొద్దు ఉలితో మెల్లగా తొయ్యడం, గుగ్గిలం నూనెలో కరిగించి పైన పూయడం. కొంచెం బిగువైతే చాలు, కర్ర నా వీపు మీద పడేది.

"ఊపిరి తీసుకోనీ! నీ లారీ కాదు అది!"

ఆ అమ్మాయి అవతలి వైపు అదే పని చేస్తూ, నా కంటే రెండింతలు వేగంగా పోయేది. మొదటి రోజు నాతో మాట్లాడలేదు. రెండో రోజు "పీచు ఇటు తొయ్యి" అంది. మూడో రోజు టీ తెచ్చి, "లారీ మామా, తాగు," అంది. ఓడల మామా కంటే ఆ పేరు నాకు సరిపోయింది.

నాలుగో రోజు పడవను లోతు లేని చోటికి తోసి, నా చేతికి బకెట్టు ఇచ్చారు. నీళ్ళు తోడడానికి కాదు, పోయడానికి. పడవకు నీళ్ళు తాపడమంటే అదే. నిండా నీళ్ళు పోసి, రాళ్ళు పెట్టి, మనమే ముంచేయాలి. లోపలా బయటా నీళ్ళు పట్టి పలకలు మెల్లగా ఉబ్బి, పీచును నొక్కుకుని, వాటి సందులు అవే మూసుకుంటాయి. జన్మంతా చెక్కలోంచి ఏదీ జారకుండా చూసిన చేతులతో పడవలోకి నీళ్ళు పోస్తుంటే నాకు చెమటలు పట్టాయి. పడవ నెమ్మదిగా కిందికి దిగింది. చివరికి ముక్కు మాత్రం పైన మిగిలింది. పసుపు ఇంకా ఉంది దానికి.

ఎనిమిది రోజులు ఇంటికి పోలేదు. చేయడానికి పని లేదు, మునిగిన పడవకు కాపలా కాయడం తప్ప. ముసలాయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశారు. ఇద్దరం ఆ ముక్కును చూస్తూ కూర్చునేవాళ్ళం. రెండో రోజున ఆయన తాను వయసులో ఒక్క పూటలో మద్రాసు పోయి వచ్చానని చెప్పాడు. నాలుగో రోజుకు అది తెరచాప లేకుండా, లుంగీ కట్టి పోయిన ప్రయాణమైంది. ఆరో రోజుకు లుంగీ కూడా లేదు. నేను ఒక్కటీ కాదనలేదు. నాకంటే పెద్ద కోతలరాయుణ్ణి చూడడం అదే మొదటిసారి, కొంచెం అసూయ కూడా కలిగింది.

ఆ అమ్మాయి మాత్రం కూర్చోలేకపోయింది. రోజుకు పదిసార్లు నీళ్ళలో దిగి, పడవ పక్కన చెయ్యి పెట్టి పలకల మధ్య తడిమేది. ఒడ్డుకొచ్చి, చెయ్యి ఆరకముందే మళ్ళీ దిగేది. ఏడో రోజు పొద్దున వచ్చి నా ముందు చెయ్యి చాపింది. చిటికెన వేలు.

"దూరలేదు మామా," అంది.

పున్నమి నాటి పొద్దున ఊరంతా ఒడ్డున ఉంది. మా ఇంటామె, మా అమ్మాయి పెద్ద గిన్నె నిండా పలావుతో ఆటో దిగారు. రాళ్ళు తీసేశారు. నలుగురం బకెట్లతో నీళ్ళు తోడాం. అంచు పైకి వచ్చింది. ఆ పక్క ఈ పక్క ఊగింది. ఒక్కసారిగా బరువు దిగిన ఎద్దులా ఒళ్ళు విదిలించుకుని పడవ లేచింది.

ఆ అమ్మాయి చుక్కాని దగ్గర కూర్చోబోతుంటే పెద్దల్లో ఒకాయన నసిగాడు. "ఆడపిల్లా నడిపేది?"

"కట్టుబాటులో మీసాలు ఉండాలని యాడన్నా ఉండాదా?" అన్నాడు ముసలాయన కుర్చీలోంచి. నసిగినాయన వెతికినట్టు ఆలోచించాడు, దొరకలేదు.

"నీళ్ళు తోడేదానికి ఒకడు కావాల," అని ముసలాయన కర్ర నా వైపు తిప్పాడు.

అలా ఎక్కాను. మా షెడ్డు పక్క టీ కొట్టు దగ్గర అడిగితే, ఆ రోజు లారీ అంత ఎత్తు అలల మీద సముద్రం దాటామని చెబుతారు. నేనే చెప్పాను కాబట్టి వాళ్ళ తప్పు లేదు. నిజానికి అక్కడ నీళ్ళు నడుము లోతు. దిగి నడిచి రావచ్చు. అయినా ఈత రానివాడికి నడుము లోతు కూడా తక్కువేమీ కాదు.

ఆమె తాడు లాగింది. ఇటుక రంగు గుడ్డ రెండుసార్లు దులుపుకుని, కడుపు నిండా గాలి తీసుకుంది. చప్పుడు లేదు. లారీ బయలుదేరితే ఊరంతా తెలుస్తుంది. ఇది ఎప్పుడు కదిలిందో నాకే తెలియలేదు, వెనక్కి చూస్తే ఒడ్డు చిన్నదైంది. నా కాళ్ళ కింద చల్లగా తగిలింది. చూశాను. పలకల సందుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి.

"అమ్మాయ్, నీళ్ళు వస్తా ఉండాయి!"

"ఎంత?"

చెయ్యి పెట్టి చూశాను. "అరచేయి లోతు."

"అయితే బాగుండాది, ఆ సెమ్మ ఉంటేనే పలకలు ఎండవు," అని, గుంజ దగ్గర చుక్కాని తిప్పింది. చిన్నప్పటి నుంచీ రోజూ తిప్పినట్టే తిప్పింది. నేను తోడుతూనే ఉన్నాను. గుంజ చుట్టేటప్పుడు తెరచాప ఆ పక్కనుంచి ఈ పక్కకు మారి నా తలపాగాను నీళ్ళలో పడేసింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఒడ్డుకు వచ్చేసరికి నీళ్ళు ఇంకా అరచేయి లోతే.

చీటీలు తీశారు. ఆమెకు చిట్టచివరి తావు వచ్చింది. ఉత్తరం వైపు, బురద ఎక్కువ, చేప తక్కువ. నేను తల పట్టుకున్నాను. ఆమె మాత్రం ఆ చీటీని మడిచి, కంపెనీ కార్డు పెట్టుకునే చిన్న సంచిలో, కార్డు వెనక పెట్టుకుంది. "వచ్చే ఏడు మళ్ళీ తీస్తారు కదా మామా," అంది. "తీసేదానికి నా చెయ్యి ఉండాది." ముసలాయన పలావు తింటూ, మా ఇంటామెతో తన మద్రాసు ప్రయాణం మొదలుపెట్టాడు. ఆమె ఎంతో శ్రద్ధగా విన్నది. నా మాటలు అట్లా ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు ఆమె షిఫ్టు లేని రోజుల్లో, వంతు వచ్చినప్పుడు పడవ తీస్తుంది. తెరచాప దించి, వల వేసి, పొద్దెక్కాక ఒక్కోసారి నాకు ఫోను చేస్తుంది. గాలి హోరులో సగం మాటలు వినపడవు. నేను అడిగేది ఎప్పుడూ ఒక్కటే.

"నీళ్ళు వస్తా ఉండాయా?"

"వస్తా ఉండాయి మామా, కొంచెం."

"అయితే సరే," అని పెట్టేసి, టీ కొట్టు దగ్గరికి పోతాను.